చక్రము నెంత త్రిప్పవలెను?

యారాడకు మూడు వైపుల కొండలు, నాలుగవ వైపున సముద్రము. సింధియా వైపు నుండి ఆ యూరికి పోవలెనన్న కొండనెక్కి దిగవలసినదే. ఆ దారిలో నే నెన్ని పర్యాయములు పోయితినో లెక్క లేదు. పోయిన వేసవిలో నొకనాటి యుదయము నడిచి దిగుచుండగా, ఒక మలుపు వద్ద తారురోడ్డుపై రెండు నల్లని చారలు కనబడినవి. అవి లోపలి యంచున మొదలై, వంకరగా రోడ్డు నడుమకు వచ్చి, ఎదుటి బండ్లు వచ్చు సగములో కొంత దూరము పోయి, మరల తమ వైపునకు చేరినవి. బ్రేకు వేసిన గుర్తులు తిన్నగా నుండును. ఇవి యట్లు లేవు. ఎవరో కారు వెనుక భాగమును బుద్ధిపూర్వకముగా ప్రక్కకు జార్చి మలుపు తిరిగినారని గ్రహించితిని.

ఆ సంగతి మరచియే యుందును గాని, పాఠశాల తెరచిన పిమ్మట పదవ తరగతి బాలు డొకడు రేఖాగణిత పాఠము ముగిసిన వెనుక నా బల్ల కడకు వచ్చి, "మాస్టారూ, కారు ముందు చక్రములు 60 డిగ్రీలు తిరుగునట్లు చేయింపవచ్చునా అండీ?" అని యడిగెను. ఎందులకని ప్రశ్నింపగా, తన యన్న యొక పాత కారు కొని షెడ్డులో నుంచినాడనియు, డ్రిఫ్టింగు నేర్వవలెనని యతని కోరిక యనియు చెప్పెను. ఎక్కడ నేర్చునని యడిగినప్పుడు మాత్రము తల వంచుకొని యూరకుండెను. నేను వానిని మందలించి, పరీక్షలు చూచుకొమ్మని పంపివేసితిని.

ఆనాడు నేను చేసినది తప్పు. అది మంచి ప్రశ్న. రేఖాగణితము చెప్పువాడు చెప్పదగిన సమాధానమే దానికి కలదు. ఉపాధ్యాయుడు చెప్పని దానిని షెడ్డులోనివారు చెప్పుదురు, లేదా ఫోనులోని చిత్రములు చెప్పును. కావున ఆ బాలునకు ఈయవలసిన సమాధానమునే యీ సంచికలో వ్రాయుచున్నాను. అతని తలిదండ్రులును చదువుదురు గాక.

మన యెద్దుబండికి చక్రములు రెండే గనుక దాని కీ చిక్కు లేదు. ఎద్దులు తిరిగిన వైపునకు బండియు తిరుగును. చిక్కంతయు నాలుగు చక్రముల బండికే. పూర్వము ఐరోపా గుర్రపుబండ్లలో ముందరి యిరుసు మొత్తము ఒక నడిమి మేకుపై తిరుగుచుండెడిది. అది యెక్కువగా తిరిగినకొలది బండికి ముందరి యాధారము సన్నగిల్లి, బోర్లపడు నపాయ ముండెడిది. 1817 లో మ్యూనిచ్ నగరపు బండ్ల శిల్పి గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అనునతడు, ఇరుసును కదల్పక చక్రములను మాత్రమే వాని వాని కీలుపై త్రిప్పు నుపాయమును కనిపెట్టెను. మరుసటి యేట లండనులో రుడోల్ఫ్ అకర్‌మన్ దానికి పేటెంటు పొందెను. కనిపెట్టినవాని పేరు మరుగున పడినది. పేటెంటు పొందినవాని పేరే యిప్పటికిని నిలిచియున్నది. లోకములో నిది క్రొత్త కాదు.

ఆ యుపాయములోని సూత్రము మన బాలురు గీచి చూడవచ్చును. బండి మలుపు తిరుగునప్పుడు లోపలి చక్రము చిన్న వృత్తముపైనను, వెలుపలి చక్రము పెద్ద వృత్తముపైనను నడచును. కావున లోపలిది కొంచె మెక్కువగా తిరుగవలెను. అన్ని చక్రములకును లంబముగా గీచిన గీతలు ఒక్క బిందువు వద్ద కలిసినచో టైరు లేవియు నేలపై ఒరసికొనవు. మామూలు కారులో ముందు చక్రము 35 మొదలు 40 డిగ్రీల వరకు తిరుగును. ముందు వెనుక యిరుసుల నడుమ 2.4 మీటర్ల దూర మున్న చిన్న కారును తీసికొందము. 35 డిగ్రీలు త్రిప్పినచో తిరుగు వృత్తపు వ్యాసార్ధము ఇంచుమించు 4.2 మీటర్లు, 60 డిగ్రీలు త్రిప్పినచో 2.8 మీటర్లు. సైను పట్టిక యున్న ప్రతి బాలుడును దీనిని సరిచూడగలడు. అనగా ఇరువదియైదు డిగ్రీలు పెంచినందుకు లభించినది మీటరున్నర కంటె తక్కువ. ఇరుకు సందులో కారు త్రిప్పుకొనుటకు తప్ప ఇది వేరొకందులకు పనికిరాదు. మరి డ్రిఫ్టింగు చేయువా రేల 60 డిగ్రీలు కోరుదురు?

ఇచ్చటనే పిల్లలు పొరబడుచున్నారు. ఎక్కువ కోణ మున్నచో కారు ఎక్కువగా తిరుగునని వారి తలంపు. జారుచున్న కారులో సంగతి తలక్రిందులు. వెనుక టైర్లు పట్టు తప్పి వెలుపలికి పోవుచుండగా కారు ముక్కు మలుపు లోపలికి తిరిగిపోవును. అప్పుడు చోదకుడు ముందు చక్రములను మలుపునకు వ్యతిరేకముగా, కారు నిజముగా పోవుచున్న దిక్కునకు త్రిప్పి పట్టవలెను. కారు తాను పోవు త్రోవకు 50 డిగ్రీలు అడ్డముగా నున్నచో చక్రములును ఇంచుమించు అంతయే యెదురుగా తిరుగగలిగి యుండవలెను. చక్రము 35 వద్దనే యాగిపోయినచో దానికి త్రోవ అందదు. కారు బొంగరమువలె తిరిగిపోవును. కాబట్టి ఆ యధిక కోణము తిరుగుటకు కాదు, తిరిగిపోకుండుటకు. తప్పు చేసినవాడు వెనుకకు మరలుటకు మిగిలియున్న చోటు వంటి దది.

దానిని పెంచు మార్గములు షెడ్డులో పనిచేయువారికి తెలియనివి కావు. చక్రపు నకిల్ మీది చేతిని కురుచ చేసినచో టై రాడ్ అదే దూరము జరిగినను చక్ర మెక్కువగా తిరుగును. అయితే స్టీరింగు బరువెక్కును. స్టీరింగు రాక్ కొనలో వాషరు వంటి బిళ్ల వేసినచో రాక్ మరికొంత దూరము జరుగును. అయితే బిళ్ల మందమునుబట్టి టై రాడ్ మరలకు పట్టు తగ్గును. క్రింది ఆర్మును పొడుగు చేసినచో చక్రము వెలుపలికి జరిగి, లోపలి రేకుకు తగులకుండ తిరుగును. అయితే కీళ్లపై భారము మారును. ఏ యొక్కటియు ఊరక రాదు.

వీనిలో మిక్కిలి భయంకరమైనది వేరొకటి కలదు. కోణము మితిమీరినప్పుడు టై రాడ్‌ను నకిల్ చేతియు ఒకే సరళరేఖలోనికి వచ్చును. ఆ రేఖ దాటెనా, చోదకుడు స్టీరింగును వెనుకకు త్రిప్పినను చక్రము వెనుకకు రాదు, అట్లే బిగిసికొనిపోవును. మన యింటి మడతకుర్చీ కాళ్లు చాచినప్పుడు ఒక చోట టక్కుమని నిలిచిపోవుట చూచియే యుందురు. కుర్చీకి అది గుణము. కొండ మలుపులో కారుకు అది యేమగునో చెప్పనక్కరలేదు. పందెపు కార్లను నిర్మించువారు నకిల్‌ను, రాక్‌ను, ఆర్ములను కలిపి లెక్కగట్టి, హద్దు దాటకుండ అడ్డుకట్ట నుంచి, పిమ్మటనే చక్రము త్రిప్పుదురు. రెండు బిళ్లలు వేసి వందరూపాయలు పుచ్చుకొనువాడు ఈ లెక్క కట్టునా?

మరొక మాట. నేడు మన వీధులలో తిరుగు చిన్నకార్లలో పెక్కింటికి ఇంజను బలము ముందు చక్రములకే పోవును. అట్టి కారు వెనుక చక్రములను బలముతో జార్చుట సాధ్యము కాదు. కోణము పెంచినచో బలమును చేరవేయు కీళ్లే ముందుగా విరుగును. ఆ బాలుని యన్న కొన్నది యే రకమో నే నడుగలేదు. అడిగియుండిన సగము పని అప్పుడే తీరెడిది.

యారాడ కొండపై నుండి చూచినచో క్రింద రేవు కాలువలోనికి ఓడలు వచ్చుట కనబడును. 1933 లో తెరువబడిన యీ రేవులోనికి రావలెనన్న కొండ పాదము నొరసికొనుచు ఇరుకైన కాలువలో నడువవలెను. ఓడ చుక్కానిని సాధారణముగా 35 డిగ్రీలకు మించి త్రిప్పరు. అంతకు మించినచో నీటి ప్రవాహము చుక్కాని నంటియుండక చెదరిపోవును. త్రిప్పుట యెక్కువ, తిరుగుట తక్కువ యగును. ఇంకొక విశేషము వినుడు. తిరుగుచున్న ఓడయు మన డ్రిఫ్టు కారువలెనే పోవును: ముక్కు లోపలికి, వెనుక భాగము వెలుపలికి. తన వెడల్పు కంటె ఎన్నో రెట్లు వెడల్పయిన నీటిని ఊడ్చుకొని పోవును. అందుచేతనే కాలువలో పైలటు ఎక్కును, టగ్గులు త్రాళ్లు పట్టును. వేల టన్నుల యోడను నడపువారు సిగ్గుపడక పరుల సహాయము పొందుచున్నారు.

ఇక నా యభిప్రాయము. డ్రిఫ్టింగు పేరెత్తినంతనే అది పోకిరి పని యని త్రోసివేయు పెద్దలతో నే నేకీభవింపను. అది కఠినమైన విద్య. జారుచున్న బండిని తిరిగి చేజిక్కించుకొనుట తెలిసిన చోదకుడు వానకాలములో తనను, పరులను రక్షింపగలడు. అయితే ఏ విద్యకైనను అభ్యాసమునకు తగిన స్థల ముండవలెను. ఈ విద్య జపాను దేశపు కొండదారులలోనే పెరిగినది. 1970ల దశాబ్దములో కునిమిత్సు తకహషి యను పందెగాడు మలుపులలో కారును జార్చి నడపు పద్ధతికి ప్రసిద్ధి కెక్కెను. అతనిని చూచి కెయిచీ త్సుచియా కొండదారులలో అభ్యసించెను. కాని 2001 నుండి డి-1 గ్రాండ్ ప్రీ యను పేర జరుగుచున్న పోటీలు కొండదారులలో లేవు. ఆవరణ గల మైదానములలో నున్నవి. పుట్టినింటివారే దానిని కొండ దింపివేసినారు. మనము దానిని యారాడ కొండ యెక్కింపనేల?

మద్రాసు సమీపమున షోళవరములో, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానపు దారిపై చాలకాలము కారు పందెములు జరిగినవి. తరువాత 1990 లో ఇరుంగాట్టుకోట్టైలో వానికి ప్రత్యేకమైన మార్గము తెరువబడినది. ఓడరేవును, ఉక్కు కర్మాగారమును గల మన పట్టణములో చదునైన కాంక్రీటు స్థలములకు కొదువ లేదు. సెలవు దినమున అట్టి స్థల మొకటి కోరి, చుట్టును పాత టైర్లు పేర్చి, నీరు చల్లి, తక్కువ వేగముతో అనుభవజ్ఞుని యెదుట నేర్పింపుడని తలిదండ్రులు అధికారుల నడుగవలెను. ఊరక "వద్దు" అనుట సులభము; ఆ మాటకు పిల్లలు రాత్రి పదిగంటల తరువాత సమాధానము చెప్పుదురు.

చట్టము సంగతియు తలిదండ్రు లెరుంగుట మంచిది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52 వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 లో చేర్చిన 199-ఏ సెక్షను ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండనివాడు బండి నడపి నేరము చేసినచో సంరక్షకునకో యజమానికో మూడేండ్ల వరకు కారాగారమును, 25,000 రూపాయల జుల్మానాయు కలవు. కారు అన్నదైనను, తాళపుచెవి తమ్ముని చేతికి రాకుండునా?

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఆ బాలుని మరల పిలిచితిని. ఇరువదవ వంతు కొలతతో ఒక అట్టముక్క కత్తిరించితిమి: 4 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు గల కారునకు 20 సెంటీమీటర్లు, ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. బల్లపై సుద్దతో రెండు వరుసల రోడ్డు, 7 మీటర్లకు 35 సెంటీమీటర్లు గీచితిమి. అట్ట తిన్నగా నున్నప్పుడు చుట్టును చోటే చోటు. దానిని 45 డిగ్రీలు త్రిప్పి కొలువుమంటిని. ఇరువది సెంటీమీటర్లు దాటినది. అనగా 4 మీటర్లకు పైగా. అట్ట నడిమి గీతను దాటి అవతలి సగములో పడినది.

నేనేమియు చెప్పలేదు. వాడే మరియొక అట్ట కత్తిరించి, రెండున్నర మీటర్ల వెడల్పు గల బస్సని దానిని అవతలి వైపు పెట్టెను. మిగిలిన చోటు కొలిచెను. అసలు రోడ్డుపై అది అరమీటరు లోపు. కొంతసే పూరకుండి, "చేపల గంపలతో నడచి వచ్చువారు ఏ వైపున నడతురండీ?" అని యడిగెను. ఆ రెండు అట్టముక్కలను జేబులో పెట్టుకొని, అన్నకు చూపెదనని యింటికి పోయినాడు.