మైగ్రేన్‌కు ఏ మాత్ర మంచిది?

మైగ్రేన్ అనే పార్శ్వపు నొప్పితో బాధపడేవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. అందరికీ మంచిదైన మాత్ర ఒక్కటి కూడా లేదు. అక్కకు తగ్గించిన మందే చెల్లెలికి ప్రమాదం తేవచ్చు. అందుకే ఒకరి చీటీతో మరొకరు మందు కొనడం మానుకోవాలని నా అభిప్రాయం.

ఈ మందులు రెండు రకాలు. నొప్పి వచ్చినప్పుడు వేసుకునేవి కొన్ని, నొప్పి రాకుండా రోజూ వేసుకునేవి కొన్ని.

మొదటి రకంలో పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ చవకైనవి. చాలామందికి ఇవే సరిపోతాయి. అయితే కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ వాడరాదు. వీటికి లొంగని నొప్పికి డాక్టర్లు సుమట్రిప్టాన్ వంటివి రాస్తారు. నొప్పి మొదలవగానే వేసుకుంటే ఇవి బాగా పనిచేస్తాయి. కాని రక్తనాళాలను కుదిస్తాయి గనుక గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారికి, బి.పి. అదుపులో లేనివారికి ఇవ్వరు. ఎర్గోటమిన్ కలిసిన పాత మాత్రలు మన మందుల షాపుల్లో ఇంకా దొరుకుతున్నాయి. గర్భిణులు వీటిని ముట్టుకోకూడదు. సుమట్రిప్టాన్, ఎర్గోటమిన్ రెండూ 24 గంటలలోపు కలిపి వాడకూడదు.

అసలు చిక్కు మరొకటుంది. మన ఆడవారు పోపుల డబ్బా పక్కనే మాత్రల స్ట్రిప్పు పెట్టుకుని, తల పట్టేసినప్పుడల్లా ఒకటి మింగి పనిలో పడతారు. నెలలో 10 రోజులు, అంతకు మించి ట్రిప్టాన్, ఎర్గోటమిన్ లేక రెండు మూడు మందులు కలిసిన మాత్రలు వాడినా, 15 రోజులు, అంతకు మించి మామూలు నొప్పి మాత్రలు వాడినా, మూడు నెలలు దాటేసరికి ఆ మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది. నొప్పి పెరిగిందని మాత్రలు పెంచుతారు; మాత్రలు పెరిగి నొప్పి ఇంకా పెరుగుతుంది.

ఇలాంటివారికి రెండవ రకం మందు అవసరం కావచ్చు. ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవారికి పడదు. అమిట్రిప్టిలిన్ వల్ల మత్తు, నోరు ఎండడం ఉంటాయి. ఫ్లునారిజిన్‌తో బరువు పెరగవచ్చు, మనసు దిగులుపడవచ్చు. టోపిరమేట్, వాల్‌ప్రొయేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి గనుక పిల్లలు కావాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పాలి. ఏదైనా సరే, గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వారం వాడి "పని చేయలేదు" అని మానేస్తే డబ్బు, శ్రమ రెండూ వృథా. 2018 నుండి విదేశాలలో కొత్త ఇంజక్షన్లు వచ్చాయి గాని వాటి ఖరీదు సామాన్యులు భరించలేనిది.

కాబట్టి గోడమీది క్యాలెండరులో నొప్పి వచ్చిన రోజున ఒక గుర్తు, మాత్ర వేసుకున్న రోజున మరో గుర్తు పెట్టండి. డాక్టరు వద్దకు వచ్చేటప్పుడు ఆ కాగితం, వాడుతున్న మందులన్నీ తెచ్చి చూపించండి. మీకు తగిన మందు ఎంచడానికి అంతకంటే మంచి సాయం లేదు.

ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడడం, కాలుచేతులు పట్టు తప్పడం ఉంటే మాత్ర కోసం వెదకవద్దు. వెంటనే ఆసుపత్రికి రండి. 50 ఏళ్ళు దాటాక మొదటిసారి ఇలాంటి తలనొప్పి వచ్చినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోండి.