ఉడుకునీళ్ల గీజరు... ఊరికే కారే చుక్క

పుష్యమాసంలో ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున నల్లా తిప్పిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నీళ్లు రావు, సూదులొస్తాయి! ఒంటి అంకె డిగ్రీలకు పడిపోయిందని పేపర్లో చదివి కరీంనగర్‌లో ఉండే మేం 'అమ్మో' అనుకుంటాం కానీ, మా చలికీ వాళ్ల చలికీ ఒక స్వెట్టరు తేడా, అంతే.

పోయినవారం ఇంటిపైన ట్యాంకు కడగడం గురించి రాశాక, 'అన్నీ చెప్పారు, గీజరు గురించి ఎందుకు వదిలేశారు?' అని అడిగినవాళ్లున్నారు. వదిలేయలేదు. దాని గురించి రాయాలంటే మా అక్క వాళ్లింటి సంగతి చెప్పాలి. చెబితే బావకు కోపం వస్తుందేమోనని ఆగాను. ఆయనే 'రాయి పర్వాలే, నలుగురికి తెలుస్తది' అన్నాడు కనుక రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఉడుకునీళ్లంటే పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, దానిమీద మసిబారిన కాగు. కాస్త ఉన్నవాళ్లింట్లో రాగి బాయిలర్. నడుమ గొట్టం, అందులో నిప్పులు, చుట్టూ నీళ్లు. గోదావరిఖని వైపు చుట్టాలింటికి పోతే బొగ్గు పొయ్యి మీదే స్నానాల నీళ్లు. వీటిలో దేనికీ వాల్వు లేదు, వాషరు లేదు, టేపు లేదు. కారితే కాగుకు చిల్లు పడ్డట్టు, మాట్లు వేయించాలి. గొడవ అంతటితో సరి.

ఇప్పుడు ట్యాంకు లేని గీజర్లొచ్చాయి. నీళ్లు నిలవ ఉండవు, లోపలికి పోతూ పోతూనే వేడెక్కి బయటికొస్తాయి. కొత్త వస్తువనుకుంటాం కానీ దీని వయసు నూటయాభై ఏళ్ల పైనే. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ అనే పెయింటర్ గ్యాస్ మంటతో నీళ్లు కాచే యంత్రం చేసి, ఐస్‌లాండ్‌లో ఎగజిమ్మే వేడినీటి ఊట పేరు దానికి పెట్టుకున్నాడు. మనం గీజరు అంటున్నది ఆ పేరే. ఆయన చేసినదాంట్లో ఒకే లోపం, పొగ బయటికి పోయే గొట్టం లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

కరెంటుదా, గ్యాస్‌దా అని అడిగేవాళ్లకు చిన్న లెక్క. 3 కిలోవాట్ల కరెంటు గీజరు ఒక లీటరు నీళ్లను 25 డిగ్రీలు పెంచడానికి 35 సెకన్లు తీసుకుంటుంది. అంటే 15 లీటర్ల బకెట్ నిండాలంటే దాదాపు 9 నిమిషాలు. ధార సన్నగా వస్తుందని కంపెనీని తిట్టి లాభం లేదు, అది లెక్క. గ్యాస్‌ది నిమిషానికి 6 లీటర్లంటారు. అంత వేడి కరెంటుతో కావాలంటే పది కిలోవాట్ల పైన లాగాలి, మన ఇళ్ల మీటర్లు ఆగవు. నలుగురైదుగురు ఒకరి వెనక ఒకరు స్నానం చేసి బడికీ ఆఫీసుకీ పరుగెత్తే ఇంట్లో గ్యాస్‌వైపు మొగ్గడానికి కారణం ఇదే. మా బావ కూడా అలాగే మొగ్గాడు.

ఒక రాత్రి అక్క ఫోను. 'ఏందిరా తమ్మీ, గీజరు పెట్టి ఇరవై దినాలు గాలె, గోడంత చెమ్మెక్కింది. అవతలి అర్రల బియ్యం బస్తాకు బూజు పట్టింది. నువ్వేదో పేపర్ల రాస్తవు గదా, జర వచ్చి సూడు.'

నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కేసరికి బస్సు కిటికీలన్నీ మూసేశారు. ఇంటికి చేరి నేరుగా స్నానాల గదిలోకి పోయాను. కారుతున్నది ఎక్కడో కనిపెట్టడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. గీజరుకు నీళ్లొచ్చే కనెక్షన్ పైపు నట్టు దగ్గర, నిమిషానికి నాలుగైదు చుక్కలు. చుక్కే కదా అనుకుంటాం. పగలూ రాత్రీ పడితే వారం రోజుల్లో గోడ తాగేస్తుంది.

నట్టు విప్పితే లోపల తెల్ల టేపు ఉండలు ఉండలుగా ఉంది. దాని కింద నలిగి, ఒక పక్క తెగిన రబ్బరు వాషరు. ఇది చాలామంది చేసే తప్పు. వాషరు ఉన్న జాయింటులో నీటిని ఆపేది మర కాదు, వాషరే. అక్కడ టేపు చుడితే నట్టు పూర్తిగా కూచోదు. కూచోలేదని ఇంకా బిగిస్తారు, వాషరు తెగుతుంది. వాషరు మార్చి, టేపు తీసేసి, చేత్తో తిప్పి, ఆఖర్న పానాతో పావు చుట్టు తిప్పాను. చుక్క ఆగింది. పదిరూపాయల పని.

అక్కడితో నా పని అయిపోయి, టీ తాగి వచ్చేద్దును. కానీ తల ఎత్తి చూస్తే వెంటిలేటర్ కనబడలేదు. ఉంది, కానీ దాంట్లో పాత బొంత కుక్కి ఉంది. 'చలిగాలి కొడుతున్నదని నేనే పెట్టిన' అంది అక్క. అమ్మ అక్క దగ్గరే ఉంటుంది. వెనక నుంచి తన మాట వినబడింది. 'తానం జేసి వస్తే తల దిమ్మెక్కుతందిరా. బీపీ గోలి మార్పియ్యాలె.'

నాకు వెన్నులో చలి పుట్టింది, అది ఆదిలాబాద్ చలి కాదు.

గ్యాస్ మండాలంటే గాలి కావాలి. మూసిన చిన్న గదిలో మంట నడుస్తుంటే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరు లీకైతే కంపు తెలియడానికి కంపెనీలు వాసన మందు కలుపుతాయి కనుక మేలుకుంటాం. ఈ విషవాయువు అలా చెప్పి రాదు. మొదట తలనొప్పి, దిమ్ము, వికారం. ఆ తర్వాత కాళ్లు చచ్చుబడి గడియ తీసే ఓపిక కూడా ఉండదు. స్నానాల గదిలో గ్యాస్ గీజరు వల్ల మనుషులు పోయారన్న వార్త ఏటా చలికాలం ఏదో ఒక ఊరినుంచి చదువుతూనే ఉన్నాం. అమ్మ బయటికొచ్చి అరుగు మీద కూచుంటే దిమ్ము తగ్గేదట. డాక్టరుకు చూపించాం, పర్వాలేదన్నాడు. గీజరును మాత్రం ఆ పూటే బందు పెట్టాం.

గీజరు పెట్టిన ప్లంబర్‌నే పిలిపించాం. పనిమంతుడే. 'ఏం గాదు సార్, ఊర్ల అందరు లోపల్నే పెట్టుకుంటున్నరు' అన్నాడు. 'భాయ్, మీ అమ్మకైతే లోపల పెడతవా?' అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వెనకవైపు వరండా గోడ చూపించి, 'ఈడ పెడదాం, పైపు గోడలకెల్లి లోపలికి తీస్త' అన్నాడు. పైపు పొడవైంది కనుక పొద్దున మొదటి చెంబు నీళ్లు చల్లగానే వస్తాయి. ఆ మాత్రం నష్టం ఓర్చుకోవచ్చు.

పైపులు ఎలాగూ కొత్తగా వేస్తున్నాం కదా అని, గీజరుకు సర్వీసు వాల్వులు కూడా పెట్టించమన్నాను. ఆయన నవ్వాడు. 'ఎన్ని జాయింట్లుంటే అన్ని లీకులు గద సార్!'

నిజమే. దానికి జవాబు గీజరులోనే ఉంది. ఇన్‌లెట్ దగ్గరి జాలీ తీసి చూపించాను. ఇరవై రోజులకే తెల్లటి పొడి. అక్క వాళ్లు తాగేది నల్లా నీళ్లు. 2016లో మిషన్ భగీరథ మొదలైనాక మా జిల్లాల్లో చాలా ఇళ్లకు తాగడానికి నది నీళ్లు వస్తున్నాయి. కరీంనగర్ పట్నానికి ఎలాగూ మానేరు డ్యాం ఉంది. కానీ స్నానాలకు, బట్టలకు ఇంకా ఎన్నో ఇళ్లలో బోరు నీళ్లే. తాగే నీళ్లలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని మన దేశపు ప్రమాణం. మనవైపు రాతి నేలల్లో బోర్ల సంగతి సబ్బు నురగ రానప్పుడే తెలుస్తుంది. ఆ నీళ్లు వేడెక్కితే సున్నం విడిపోయి గీజరులోని సన్నటి రాగి గొట్టం లోపల అంటుకుంటుంది. మంట అంతే, గ్యాస్ అంతే, నీళ్లు మాత్రం గోరువెచ్చన. ఏడాదికోసారి ఆ సున్నం కడగాలి. కడగాలంటే గీజరును పైపుల నుంచి విడదీయకుండా, అక్కడే నీటిని ఆపి, దానిలోకి మందు నీళ్లు పంపే దారి కావాలి. ఆ దారే సర్వీసు వాల్వులు.

విదేశాల్లో ఇది జతగా డబ్బాలో దొరుకుతుంది. మన దుకాణంలో అడిగితే దుకాణాదారు మన మొహం చూస్తాడు. విడిగా కొనుక్కుంటే సరిపోతుంది. రెండు అరంగుళం ఇత్తడి బాల్ వాల్వులు, రెండు టీలు, రెండు చిన్న నల్లాలు. చన్నీళ్ల వైపు గోడ పైపు, బాల్ వాల్వు, టీ, అక్కడినుంచి గీజరు. ఉడుకునీళ్ల వైపు గీజరు, టీ, బాల్ వాల్వు, ఆ తర్వాత ఇంట్లోకి పైపు. చిన్న నల్లాలు టీల పక్క మూతికి. నల్లాలు ఎప్పుడూ గీజరుకూ బాల్ వాల్వుకూ మధ్యనే ఉండాలి, ఇది తారుమారైతే మొత్తం దండగ. బాల్ వాల్వే ఎందుకంటే, తెరిస్తే దారి పూర్తిగా తెరుచుకుంటుంది. ఒకటే అంతస్తు ఇంట్లో ట్యాంకు మూడు మీటర్ల ఎత్తున ఉంటే వచ్చే ఒత్తిడి కిలోలో మూడో వంతు కూడా ఉండదు. అందులో ఇరుకు వాల్వు పెడితే గ్యాస్ గీజరు అంటుకోనే అంటుకోదు.

ఇంకో మాట. కొన్ని రకాల గ్యాస్ గీజర్లకు ఉడుకునీళ్లొచ్చే వైపు ఏ అడ్డూ పెట్టొద్దని కంపెనీ కాగితంలోనే ఉంటుంది. చదివాకే పెట్టాలి. అక్క వాళ్లది పెట్టొచ్చని ఉంది. కరెంటు గీజరైతే దాని సేఫ్టీ వాల్వుకూ గీజరుకూ నడుమ ఏ వాల్వూ రాకూడదు. అది మూసుకుపోయి లోపల నీళ్లు కాగితే బాంబే.

ఇక లీకుల సంగతి. మర జాయింటుకు టేపు కావాలి, వాషరు జాయింటుకు వద్దు, పైన చెప్పాను. టేపును మర మూతి మనవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. తిరగేసి చుడితే బిగిస్తుంటే అదే విప్పుకుంటుంది. అయిదారు చుట్లు చాలు, మొదటి మర వదిలేయాలి, లేకపోతే టేపు ముక్క తెగి జాలీలో ఇరుక్కుంటుంది. పాతకాలం మేస్త్రీలు జనపనార చుట్టి సఫేదా పూసేవాళ్లు. ఇనుప పైపుకు అది బాగానే ఆగేది, ప్లాస్టిక్ మరకు వద్దు.

అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది మన బలం. ఒక పానాతో వాల్వు తిప్పుతుంటే రెండో పానాతో గీజరు మూతిని కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే ఆ తిప్పుడంతా లోపలి రాగి గొట్టం మీద పడుతుంది. బయట జాయింటు చక్కగా ఉంటుంది, డబ్బాలోంచి నీళ్లు కారతాయి! సీపీవీసీ పైపుకు లోపల ఇత్తడి మర ఉన్న ముక్కలే వాడాలి. వట్టి ప్లాస్టిక్ మరలోకి ఇత్తడి వాల్వు బిగిస్తే ఆ రోజు ఆగుతుంది, నెలకు చీలుతుంది. అంటించిన జాయింటును చలికాలంలో ఒక రాత్రి ముట్టుకోవద్దు, చలికి జిగురు ఆలస్యంగా ఆరుతుంది. ప్లంబర్ భాయ్ 'గంట చాలు' అన్నాడు. కరీంనగర్ ఎండాకాలంలో అయితే నేనూ సరే అందును. గీజరు తగిలించే ముందు పైపులో నాలుగు బకెట్ల నీళ్లు వదలాలి, కోసిన ప్లాస్టిక్ పొట్టు, ఇసుక బయటికి పోతాయి.

చల్లటి నీళ్లతో చూసి సంబరపడొద్దు. పావుగంట ఉడుకునీళ్లు వదిలి, ఆపి, చల్లారాక మళ్లీ చూడాలి. వేడికి సాగి చలికి ముడుచుకున్నాకే అసలు లీకు బయటపడుతుంది. గ్యాస్ పైపు జాయింట్లకు సబ్బు నురగ రాసి బుడగ వస్తుందేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసే వీరులు ఇంకా ఉన్నారు కనుక చెబుతున్నా.

మరి సున్నం కడిగేదెలా? సిలిండరు రెగ్యులేటర్ బందు, గీజరు బ్యాటరీలు తీసేయాలి. రెండు బాల్ వాల్వులూ మూయాలి. చిన్న నల్లాలకు రెండు రబ్బరు గొట్టాలు. పంపు ఎక్కడిదంటారా? మనింట్లో అటకెక్కి ఉంది. ఎండాకాలం కూలర్‌లో తిరిగే చిన్న మోటారు! అది ఎక్కువ ఎత్తుకు ఎగదోయలేదు కనుక బకెట్‌ను స్టూలు మీద, గీజరుకు దగ్గరగా పెట్టాలి. బకెట్‌లో వెనిగర్ కానీ, అయిదు లీటర్ల నీళ్లలో గుప్పెడు నిమ్మ ఉప్పు కానీ. చన్నీళ్ల వైపునుంచి ఎక్కించి, ఉడుకునీళ్ల వైపునుంచి అదే బకెట్‌లోకి. ముప్పావు గంట తిరగనిచ్చి, మంచినీళ్లతో బాగా కడిగేయాలి. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం పోయొద్దు, సున్నంతో పాటు రాగినీ తింటుంది. మళ్లీ వెలిగించే ముందు రెండు బాల్ వాల్వులూ తెరిచామా లేదా చూసుకోవాలి. దసరా అయి చలి మొదలయ్యేలోపు ఈ పని చేసుకుంటే చాలు.

ఆ సాయంత్రం పని అయ్యాక భాయ్ ఓ కిటుకు చెప్పాడు, అది నాకు తెలియదు. జాయింట్ల కింద నేలమీద పాత న్యూస్‌పేపరు పరిచి పడుకోవాలట. చుక్క పడితే ఆరిపోయినా మరక ఉంటుంది, ఎక్కడినుంచి పడిందో మరకే చెబుతుంది. పరిచాం. వెంటిలేటర్‌లో బొంత అక్క ముందే తీసేసింది.

తెల్లారి చూస్తే మరక లేదు. అమ్మ తలుపు గడియ వేయకుండా స్నానం చేసి, అరుగు మీదికొచ్చి, జుట్టు ఆరబెట్టుకుంటూ, 'నీళ్లు మంచిగున్నయి గని, కాగు నీళ్లంత ఉడుకు లేవురా' అంది. బావ అప్పటికే నేలమీది పేపరు మడిచి చేతిలోకి తీసుకున్నాడు. ఆదివారం సంచిక, పజిల్ ఇంకా నింపలేదట.