సబ్బు మెడ దగ్గరే ఆగిపోయింది

మా యువజన కూటమి ఈసారి వార్షికోత్సవాన్ని ‘పాతకాలపు పార్టీ’గా చేయాలని తీర్మానించింది. పెద్ద ఖర్చేమీ లేదు. పాత పత్రికల్లో వచ్చిన సబ్బు, పౌడరు, స్నో ప్రకటనలను ప్రింటు తీసి, త్రికోణాలుగా కత్తిరించి, పురికొసకు అతికించి తోరణాలు కట్టాలి. ఖాళీ బిస్కెట్ డబ్బాలకు చుట్టి పూలకుండీలు చేయాలి. పెద్ద అట్ట మీద లక్స్ సుందరి బొమ్మ గీసి, ముఖం ఉన్నచోట రంధ్రం చేస్తే ఎవరైనా తల దూర్చి ఫోటో దిగవచ్చు. కత్తెర, మైదా జిగురు మా చేతికిచ్చారు. కాగితం కత్తిరించడం మాకు బాగానే వచ్చు. ప్రసంగం కత్తిరించడమే రాదు.

ఆ ప్రకటనలు చదువుతుంటే నవ్వాగలేదు. లిస్టరిన్ మొదట వైద్యులు వాడే క్రిమిసంహారిణి. 1920ల నాటికి కంపెనీవాళ్లు నోటి దుర్వాసనకు ‘హాలిటోసిస్’ అనే బరువైన పేరును ప్రచారంలోకి తెచ్చి జనాన్ని హడలగొట్టారు. అందరి పెళ్లిళ్లకూ తోడుపెళ్లికూతురిగా వెళ్తూ తన పెళ్లికి మాత్రం నోచుకోని అమ్మాయి వాళ్ల బొమ్మలో కన్నీళ్లు పెట్టుకుంటుంది. కారణం నోటి వాసనేనట! 1930లలో ఫ్రాన్సులో ‘థో-రేడియా’ అనే క్రీము అమ్మారు. అందులో రేడియం, థోరియం కలిపారు. ముఖం వెలిగిపోతుందని వాళ్ల మాట. రేడియం కదా, వెలగక ఏం చేస్తుంది!

నవ్వేటప్పుడు మనవాళ్లను వదిలేయకూడదు. ఐవరీ సబ్బుకు 1879లో ఆ పేరు దొరికింది గుడిలోనే. ఆరాధనలో 45వ కీర్తన చదువుతుంటే, అందులోని దంతపు మందిరాల మాట హార్లీ ప్రాక్టర్ చెవిన పడిందట. ఆ సబ్బు 99.44 శాతం స్వచ్ఛమని ఆ తర్వాత చాటుకున్నారు. మా సంఘంలో ఎవరూ ఇంత ధైర్యంగా సాక్ష్యం చెప్పరు. 1880లలో బ్రూక్లిన్ బోధకుడు హెన్రీ వార్డ్ బీచర్, సబ్బును కూడా కృపాసాధనంగా ఎంచాలని పియర్స్ కంపెనీకి యోగ్యతాపత్రం రాసిచ్చారు. బానిసత్వానికి వ్యతిరేకంగా గళమెత్తిన బోధకుడాయన!

అదే పియర్స్ వారి 1884 నాటి బొమ్మ కూడా మా కట్టలో ఉంది. తెల్ల పిల్లవాడు స్నానాల తొట్టెలోని నల్ల పిల్లవాడికి సబ్బు చూపిస్తాడు. పక్క బొమ్మలో నల్ల పిల్లవాడి ఒళ్లు మెడ దాకా తెల్లబడింది. ముఖం మాత్రం నల్లగానే ఉంది. “పాపం, సబ్బు మెడ దగ్గరే అరిగిపోయింది” అన్నాడొక కుర్రాడు. అందరం నవ్వాం. ఒకమ్మాయి నవ్వలేదు. కత్తెర కింద పెట్టి, “అయ్యగారూ, దీన్ని ఎక్కడ కడదాం?” అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఇదంతా దొరల పాపమని తప్పించుకోలేం. లీలా చిట్నిస్ 1941లో లక్స్ ప్రకటనలో కనిపించిన నాటినుంచి సినిమా తార ఛాయే మనకు కొలబద్ద. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. నల్లగా ఉంటే ఉద్యోగం రాదు, తెల్లబడితే వస్తుందని కథలు అల్లారు. ఐద్వా మహిళలు పోరాడితే 2003లో కొన్ని ప్రకటనలు ఆగాయి. 2009లో చెన్నైలో కవితా ఇమ్మాన్యుయేల్ ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ ఉద్యమం మొదలుపెట్టారు. నల్లరంగును తక్కువ చేసి చూపకూడదని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నియమం పెట్టింది. 2020లో ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చింది. ‘లవ్లీ’ అలాగే ఉంది.

ఆ రాత్రి మేం ఆఫీసు గదిలో బీరువా తెరిచాం. మా సంఘం పెళ్లి సంబంధాల ఫారం అందులోనే ఉంది. పేరు, బాప్తిస్మం, చదువు, ఉద్యోగం, ఎత్తు, రంగు. అచ్చు వేయించింది మేమే. తెలుపు, గోధుమ రంగు, చామనఛాయ, చామనఛాయ కంటే కాస్త మేలు అని రాశారు. ‘నలుపు’ అని రాసిన ఫారం ఒక్కటీ లేదు. ఆదివారం చూస్తే సంఘంలో సగం మందిమి నల్లనివాళ్లమే. పరమగీతంలోని వధువు తన నలుపును దాచుకోలేదు. ఆమె ఈ ఫారం నింపితే మనం ఎవరికి చూపించేవాళ్లం?

పార్టీయే కదా, పాత బొమ్మలే కదా, నవ్వి వదిలేయండి అంటారు కొందరు పెద్దలు. నవ్వుదాం. అయితే ఎవరిని చూసి నవ్వుతున్నామో చూసుకుందాం. అమ్మేవాడి ఎత్తుగడను చూసి నవ్వు వస్తే ఆ బొమ్మను తోరణంలో కట్టవచ్చు. తొట్టెలోని పిల్లవాణ్ణి చూసి నవ్వాల్సి వస్తే కట్టకూడదు.

అందుకే లిస్టరిన్, రేడియం తోరణాలెక్కాయి. పియర్స్ బొమ్మను వేరే అట్ట మీద అంటించాం. దాని గురించి పది నిమిషాలు ఆ అమ్మాయే మాట్లాడింది. తర్వాత అందరూ లక్స్ సుందరి రంధ్రంలో తల పెట్టి ఫోటోలు దిగారు. మేమూ దిగాం, మీసాలతో సహా.

ఫారంలో ‘రంగు’ గడి కొట్టేశాం. కొత్తవి అచ్చుకు ఇచ్చాం. మీ సంఘం బీరువాలోని ఫారం కూడా ఒకసారి తీసి చూడండి.