రెండు చట్టాలు, ఒక బాధ్యత

బాపులపాడు మండలం నుంచి ఒక గర్భిణి స్కానింగుకు జంక్షన్‌కో, నూజివీడుకో వెళ్ళినప్పుడు, ఇక్కడ లింగ నిర్ధారణ చేయరన్న బోర్డు అక్కడ ఉండి తీరాలి. అది చట్టం. కాని చట్టం బోర్డుతో ముగియదు. డాక్టరుకు అది పూర్తిగా తెలిసి ఉండాలని మేము భావిస్తున్నాము.

నిజానికి ఇవి రెండు వేర్వేరు చట్టాలు. 1971 నాటి గర్భస్రావ చట్టం స్త్రీ ప్రాణాన్ని, ఆరోగ్యాన్ని కాపాడడానికి వచ్చింది. 2021 సవరణ ప్రకారం, చట్టం చెప్పిన కారణాలపై 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరి అభిప్రాయం కావాలి. 18 ఏళ్ళు నిండిన స్త్రీ సమ్మతిస్తే భర్త సంతకం అవసరం లేదు. ఇక 1994 నాటి చట్టం పుట్టబోయేది ఆడో మగో చెప్పడాన్ని నిషేధించింది. మాటతోనే కాదు, సైగతో చెప్పినా నేరమే. మూడేళ్ళ వరకు జైలు.

ఈ రెంటినీ కలగాపులగం చేస్తే నష్టం రెండు వైపులా. చట్టబద్ధంగా సాయం పొందవలసిన స్త్రీని భయంతో తిప్పి పంపితే ఆమె నాటువైద్యం పాలవుతుంది. మరోచోట డాక్టరు చిరునవ్వే ఆడశిశువుకు మరణశాసనమవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలుండగా, 2011లో 939 మందే మిగిలారు.

సజీవంగా పూడ్చిపెట్టిన ఆడశిశువు విషయంలో ప్రళయదినాన విచారణ తప్పదని దివ్యఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. స్కానింగ్ యంత్రం వచ్చినంత మాత్రాన ఆ విచారణ తప్పిపోదు. డాక్టర్లు చట్టం చదవాలి. ‘ఏ బిడ్డ?’ అని వారిని అడగడం మనమూ మానాలి.