బాక్స్ బ్లేడు కొనేముందు బరువు చూడండి

ఇక్కడ ట్రాక్టర్ కొనేవాళ్ళు హార్స్‌పవర్ గురించి గంటలకొద్దీ వాదించుకుంటారు. దాని వెనక తగిలించే బ్లేడు దగ్గరకొచ్చేసరికి ఏది చవకైతే అది. నేనూ ఆ బాపతే కాబట్టి చెప్పే హక్కుందనుకుంటా.

నార్త్ కరోలినాలో, ఛాథమ్ కౌంటీలో పాత ఇల్లొకటి కొన్నాం, మూడెకరాలతో. (కేరీలో రేట్లు చూసి దణ్ణం పెట్టి వచ్చేశాం.) రోడ్డు నుంచి గుమ్మం దాకా ఆరొందల అడుగుల కంకర దారి, ఏటవాలు, కింద ఎర్రటి బంకమన్ను. రెండు వానలకే చక్రాల జాడలు కాలవలైపోయాయి. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. ఓ రాత్రి నొప్పిగా ఉందంటే ఆస్పత్రికి బయల్దేరాం, కారు అడుగు మధ్యలో ఉన్న గట్టుకి ఆని ఆగిపోయింది. చివరికి ఏమీ కాలేదు గానీ, ఆ పావుగంట ఎవరికీ వద్దు.

కాంట్రాక్టరొచ్చి కొత్త కంకరకి రెండువేల డాలర్లన్నాడు. ఇంటితోపాటు వచ్చిన పాతిక హార్స్‌పవర్ ట్రాక్టరుంది కదా అని, నాలుగడుగుల బాక్స్ బ్లేడు కొనుక్కొచ్చా. బ్లేడంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అడుగూ ముందుగోడా లేని ఇనప పెట్టె. వెనకగోడ కింద రెండు అంచులు, ఒకటి ముందుకి కోస్తుంది, ఇంకోటి వెనక్కి. ముందు వరసగా పళ్ళు, అవి గట్టినేలని పెళ్ళగిస్తాయి. నాదేమో బరువు 250 పౌండ్లు. గట్టిపడ్డ నేలమీద గెంతుకుంటూ పోయింది తప్ప కరవలేదు. పైగా ట్రాక్టర్ వెనక చక్రాల బయటి కొలత 54 అంగుళాలు, బ్లేడు 48. నేను చదును చేసినదాన్ని నా చక్రాలే తొక్కేవి!

అప్పుడు నాన్న ఇక్కడే ఉన్నారు, ప్రకాశం జిల్లా నుంచి వచ్చి. కాసేపు చూసి, "ఇది మన గుంటకేరా, బరువు చాల్లేదు. నేనెక్కి నించుంటా, పోనీ" అన్నారు. వద్దంటే కోపమొచ్చింది. ఎద్దుల వెనక గుంటకెక్కడం వేరు, ట్రాక్టర్ వెనక జారిపడితే వేరు. కానీ ఆయన చెప్పిన రోగం మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం.

దాన్ని నష్టానికి అమ్మేసి ఐదడుగులది, 550 పౌండ్లది తెచ్చా. అడుగు వెడల్పుకి కనీసం వంద పౌండ్లుండాలి, చక్రాల కొలతకన్నా కాస్త వెడల్పుండాలి. మీ ట్రాక్టర్ ఎంత ఎత్తగలదో మాన్యువల్లో చూసుకోండి, లింకుల కొసన ఉన్న అంకె కాదు, 24 అంగుళాలు వెనకది.

బ్లేడు మారినా మొదటి వారం దారంతా అలలే. కారణం నేనే. గుంట రాగానే లివర్ దించడం, గట్టు రాగానే ఎత్తడం. ముందు చక్రం గట్టెక్కితే బ్లేడు దిగబడుతుంది, చక్రం దిగితే లేస్తుంది. నేను సరిచేసేలోపు ఆ గట్టు దాటిపోయి ఇంకో రెండు పుట్టేవి. బగ్గు సరిచేస్తూ రెండు కొత్తవి పెట్టే మా టీమ్ లాగానే :)

అసలు కీలకం పైన ఉండే టాప్ లింకు. దాన్ని పొట్టి చేస్తే బ్లేడు ముందుకి వంగి పళ్ళూ ముందంచూ దిగుతాయి. పొడుగు చేస్తే వెనకంచు మీద బరువు పడి చదును చేస్తుంది. లివర్ ఒకచోట పెట్టి వదిలెయ్యాలి. గుంటల్లో కంకర పోస్తే మళ్ళీ లేచిపోతుంది. గుంట అడుగుదాకా చుట్టుపక్కలంతా పెళ్ళగించి పరవాలి. కుడి లిఫ్ట్ లింకు సర్ది బ్లేడుని ఓ పక్కకి వంచి, రెండువైపులనుంచీ లాగి, దారి మధ్య నాలుగంగుళాలు ఎత్తు చేశా, నీళ్ళు పక్కలకి పోయేలా. వాన పడ్డ మర్నాడు, నేల తడిగా ఉండి జిగురు లేనప్పుడు చెయ్యండి. సీటు బెల్టు మాత్రం మర్చిపోవద్దు, వెనక రోల్ బార్ ఉన్నా బెల్టు లేకపోతే దండగే.

తీరా చూస్తే మా కంకర ఎక్కడికీ పోలేదు, పక్కల గడ్డిలోకి నెట్టుకుపోయింది, అంతే. చాలావరకు వెనక్కి లాక్కొచ్చా. కొత్తది ఒక్క లోడుతో సరిపోయింది.

పాపకిప్పుడు ఆరో నెల. మెయిల్‌బాక్స్ దగ్గర మాత్రం ఇంకా నీళ్ళు నిలుస్తున్నాయి. అక్కడ అడుగున గొట్టం వెయ్యాలి, అది బ్లేడు చేసే పని కాదు.