లైబ్రరీ పీరియడ్‌ను రివిజన్‌కు ఇచ్చేయకండి



ఏటా ఆగస్టు 12న మన దేశంలో లైబ్రేరియన్స్ డే జరుపుకుంటాం. మన గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ జయంతి అది. ఆ రోజు స్కూల్ అసెంబ్లీలో ఆయన గురించి నాలుగు మాటలు చెబుతారు, లైబ్రేరియన్‌కు ఒక పూలగుత్తి ఇస్తారు, పిల్లలు చప్పట్లు కొడతారు. సంతోషమే. కానీ మర్నాడే తొమ్మిదో తరగతి లైబ్రరీ పీరియడ్‌ను లెక్కల రివిజన్‌కు ఇచ్చేస్తే ఆ చప్పట్లకు అర్థం ఏముంటుంది?

నేను స్కూల్ లైబ్రేరియన్‌ని. కాబట్టి ఇది సొంత డబ్బా అని మీకు అనిపించవచ్చు. అయినా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. మీ పిల్లలు పుస్తకాలకు దూరమవుతున్నారన్నది అందరూ అంటున్నదే. దానికంటే పెద్ద ఇబ్బంది ఒకటి వచ్చింది. కంటికి కనిపించిన సమాచారంలో ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో వాళ్ళకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పడం లేదు. ఆ పని చేయగలిగిన మనిషి స్కూల్లోనే ఉన్నారు. ఆ పనికి కేటాయించిన పీరియడ్ టైమ్‌టేబుల్‌లోనే ఉంది. దాన్ని మనమే తీసేస్తున్నాం.

బీరువా తాళాల కాలం

చాలామంది తల్లిదండ్రుల మనసులో లైబ్రేరియన్ అంటే ఒక బొమ్మ ఉంది. అద్దాల బీరువాలు, వాటికి తాళాలు, బల్ల మీద లావుపాటి రిజిస్టర్, పుస్తకం వెనక అంటించిన కాగితం మీద తేదీ ముద్ర, "సైలెన్స్" అని రాసిన బోర్డు. మీ చిన్నప్పటి లైబ్రరీ అలాగే ఉండి ఉంటుంది. పుస్తకం పోతే జీతంలో కోత పడుతుందని భయపడే చోట, పుస్తకాలు బయటికి రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ ఆలోచన తప్పని రంగనాథన్ తొంభై ఏళ్ళ కిందటే చెప్పారు. ఆయన మొదట గణితం బోధించేవారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయ్యారు. లండన్ వెళ్ళి శిక్షణ పొంది వచ్చి, పాఠకులు స్వయంగా అరల దగ్గరికి వెళ్ళి పుస్తకాలు చూసుకునే పద్ధతి తెచ్చారు. 1931లో గ్రంథాలయానికి ఐదు సూత్రాలు రాశారు. వాటిలో మొదటిదాని సారం ఏమిటంటే, పుస్తకం ఉన్నది వాడుకోవడానికి. తరువాతి సూత్రాలు ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు దొరకాలంటాయి. పాఠకుడి సమయం వృథా కాకూడదంటాయి. గ్రంథాలయం ఎదుగుతూనే ఉండాలంటాయి. ఈ ఐదింటిలో తాళం ప్రస్తావన ఎక్కడా లేదు.

మన తెలుగు నేల మీద ఈ పని ఇంకా ముందే మొదలైంది. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో వెలిసింది. అయ్యంకి వెంకట రమణయ్య వంటివారి చొరవతో 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవలో పెట్టి కృష్ణా కాలువ వెంట ఊళ్ళకు పంపారు. ఆ రోజుల్లో చదువు వచ్చినవాళ్ళే తక్కువ. గ్రంథాలయ కార్యకర్తలు పుస్తకాలు ఇచ్చి ఊరుకోలేదు. చదువురానివారికి పత్రికలు చదివి వినిపించారు, కొన్నిచోట్ల రాత్రిబడులు నడిపారు. అప్పటి ప్రజలకు ఏది కొరతో అది అందించడమే వాళ్ళ ఉద్యోగం అయింది.

అందుకే లైబ్రేరియన్ పాత్ర ఈమధ్యనే మారిందనడం సగం నిజమే. కొరత మారినప్పుడల్లా ఆ పని మారుతూనే వచ్చింది. ఒకప్పుడు పుస్తకం కొరత. ఇప్పుడు సమాచారం కుప్పలుగా ఉంది, దాన్ని జల్లెడ పట్టడం తెలిసినవాళ్ళే తక్కువ.

ఒక ప్రాజెక్టు కథ

ఏడో తరగతి పిల్లలకు అల్లూరి సీతారామరాజు మీద ప్రాజెక్టు ఇచ్చారనుకోండి. ఇంట్లో ఫోన్ తీసుకుని వెతుకుతారు. ఒకచోట ఆయన 1897లో పుట్టారని ఉంటుంది, మరోచోట 1898 అని ఉంటుంది. పుట్టిన ఊరు ఒకచోట పాండ్రంగి, ఇంకోచోట మోగల్లు. పిల్లలు సాధారణంగా ఏం చేస్తారు? మొదట కనిపించింది రాసేస్తారు. పక్క పిల్లవాడు ఇంకొకటి రాస్తాడు. ఇద్దరికీ "గుడ్" పడుతుంది, చార్టు గోడకెక్కుతుంది.

ఇదే ప్రాజెక్టు లైబ్రరీలో జరిగితే నలభై నిమిషాల మంచి పాఠం అవుతుంది. ఈ సంవత్సరం ఎవరు రాశారు? ఎక్కడి నుంచి తీసుకున్నారు? పక్కన పెట్టి చూడటానికి పుస్తకం ఏదైనా ఉందా? ఆయన 125వ జయంతి ఉత్సవాలు 2022 జులై 4న భీమవరంలో మొదలయ్యాయి. ఆ లెక్క ఏ సంవత్సరానికి చేరుతుందో తీసివేత వచ్చిన పిల్లలే చెప్పగలరు. తల్లిగారి ఊరు ఒకటి, తండ్రిగారి ఊరు ఒకటి అయినప్పుడు రెండు పేర్లు ఎలా చలామణీలోకి వస్తాయో మన ఇళ్ళలోని ఉదాహరణలతోనే అర్థమవుతుంది. చివరికి పిల్లలు "ఎక్కువ ఆధారాలు ఇలా చెబుతున్నాయి, కొందరు అలా రాశారు" అని రాయడం నేర్చుకుంటారు. ఏడో తరగతిలో ఆ ఒక్క వాక్యం రాయగలిగితే చాలు, ఆ తరువాత చదువంతా దాని మీద నిలబడుతుంది.

అదే పిల్లలు "ఆర్ఆర్ఆర్" కూడా చూసి ఉంటారు. అల్లూరి, కొమరం భీం కలిసి పోరాడారని నిజంగా నమ్మేవాళ్ళు క్లాసుకు కొందరైనా ఉంటారు. సినిమా కల్పన, సినిమా తీసినవాళ్ళే ఆ మాట చెప్పారు. కానీ తెర మీద చూసినదాన్ని పుస్తకంతో పోల్చి చూడమని చెప్పే మనిషి పక్కన లేకపోతే కల్పనే చరిత్రగా మిగిలిపోతుంది.

ఇప్పుడు చాట్‌జీపీటీ లాంటి ఏఐ పరికరాలు వచ్చాయి. అవి చక్కటి భాషలో, ఎంతో ధీమాగా జవాబిస్తాయి. ఒక్కోసారి లేని పుస్తకం పేరు, దాన్ని రాయని రచయిత పేరు కూడా అంతే ధీమాగా చెబుతాయి. వాటిని నిషేధించి లాభం లేదు, పిల్లలు ఇంట్లో వాడతారు. ఏఐ ఇచ్చిన పుస్తకాల జాబితా తీసుకుని లైబ్రరీ కేటలాగ్‌లో వెతకమంటే సరిపోతుంది. నాలుగు పేర్లలో ఒకటి ఎక్కడా దొరకనప్పుడు పిల్లల ముఖంలో కనిపించే ఆశ్చర్యం వంద హెచ్చరికల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

మార్కులు వేయని పెద్దమనిషి

స్కూల్లో లైబ్రేరియన్‌కు ఒక వెసులుబాటు ఉంది. ఎవరికీ మార్కులు వేయరు. అందుకే లైబ్రరీలో పిల్లలు తెలియదని చెప్పడానికి భయపడరు. వెనక బెంచీలో మాట్లాడని పిల్లవాడు కూడా "డైనోసార్ల పుస్తకం ఇంకోటి ఉందా?" అని అడుగుతాడు. క్లాసులో స్నేహితులు కుదరని పాప లంచ్ టైమ్‌లో వచ్చి మూలన కూర్చుని చదువుకుంటుంది. ఏ పాప రోజూ ఒంటరిగా వస్తోందో ముందుగా గమనించేది లైబ్రేరియనే. ఆ సంగతి క్లాస్ టీచర్‌కో కౌన్సిలర్‌కో చేర్చడం కూడా ఇప్పుడు మా పనిలో భాగమే.

ఇంకో విషయం కూడా కనిపిస్తోంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు. చదవమంటే మాత్రం కూడబలుక్కుంటారు. పదకొండేళ్ళ పిల్లకు ఒకటో తరగతి వాచకం ఇస్తే నామోషీగా ఉంటుంది. ఆ వయసుకు నచ్చే కథ, ఆ స్థాయికి అందే తెలుగులో వెతికి ఇవ్వాలి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయుల వారీగా ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. ఏ పిల్లకు ఏది ఇవ్వాలో తేల్చడానికి మాత్రం ఆ పిల్లను ఎరిగిన మనిషి ఉండాలి.

"టైమ్ ఎక్కడుందండీ?"

తల్లిదండ్రుల నుంచి ఎక్కువగా వినిపించే మాట ఇది. ఐఐటీ ఫౌండేషన్, నీట్, ఒలింపియాడ్ మధ్య కథల పుస్తకాలకు తీరిక ఎక్కడిది అంటారు. ఈ ఆందోళనను తేలిగ్గా తీసుకోను. ఫీజు కట్టడానికి మీరెంత కష్టపడుతున్నారో తెలుసు. పోటీ ఎంత గట్టిగా ఉందో కూడా తెలుసు.

కానీ ప్రశ్నపత్రాలు ఎటు వెళ్తున్నాయో చూడండి. సీబీఎస్ఈ 9, 10 తరగతుల్లో సగం ప్రశ్నలు సామర్థ్యాన్ని పరీక్షించేవే. ఒక పేరా, ఒక పట్టిక, ఒక సందర్భం ఇచ్చి దాని మీద అడుగుతారు. నీట్‌లో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. రెండు వాక్యాలిచ్చి ఏది సరైనదో తేల్చమనే ప్రశ్న దగ్గర తడబడే పిల్లలకు చాలాసార్లు బయాలజీ వచ్చే ఉంటుంది, వాక్యం త్వరగా చదివి అర్థం చేసుకోవడమే రాదు. ఆ వేగం గైడ్ల వల్ల రాదు. ఏళ్ళ తరబడి ఇష్టంగా చదివితేనే వస్తుంది.

ర్యాంకుల సంగతి పక్కన పెట్టినా, రేపు మీ అమ్మాయి ఆరోగ్యం గురించో అప్పు గురించో ఫోన్‌కు వచ్చిన మెసేజ్ చూసి నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రతి ఫార్వర్డ్‌నూ నమ్మే పెద్దవాళ్ళు మనందరి ఇళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళలో డిగ్రీలు చదివినవాళ్ళకు కొదవ లేదు. చిన్నప్పుడు ఎవరూ "ఇది ఎవరు చెప్పారు?" అని అడగడం నేర్పలేదు, అంతే.

ఎవరేం చేయాలి

మొదట మా స్కూళ్ళ వైపు నుంచి. టీచర్ సెలవు పెడితే ఆ క్లాసును లైబ్రరీకి తోలడం, పరీక్షలు దగ్గరపడితే లైబ్రరీ పీరియడ్ రద్దు చేయడం, లైబ్రేరియన్‌ను యూనిఫామ్‌లు, టెక్స్ట్ పుస్తకాలు పంచే పనికి వారాల తరబడి కూర్చోబెట్టడం మానాలి. ప్రాజెక్టు ఇచ్చే ముందే సబ్జెక్ట్ టీచర్ వచ్చి లైబ్రేరియన్‌తో పది నిమిషాలు మాట్లాడాలి. ఎనిమిది దాటాక కూడా వారానికి ఒక పీరియడ్ నిలబెట్టాలి. యాజమాన్యం ప్రచురించే ఈ పత్రికలోనే ఈ మాట రాస్తున్నాను. వినాల్సినవాళ్ళు ముందు చదివేది దీన్నే కదా.

లైబ్రేరియన్లం మేమూ మారాలి. కేటలాగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని అక్కడితో ఆగితే రిజిస్టర్ బదులు కంప్యూటర్ వచ్చినట్టే ఉంటుంది. ఏఐ ఎలా తప్పు చెబుతుందో మాకు తెలియకుండా పిల్లలకు చెప్పలేం. కొత్త పుస్తకాలు మేం చదవకుండా పిల్లలతో చదివించలేం. చిరిగిపోతుందనే భయంతో మంచి పుస్తకాన్ని అద్దాల బీరువాలో పెట్టే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే అది ఈ ఏడాదితో పోవాలి.

ఇక మీరు. ఈసారి స్కూల్‌కు వచ్చినప్పుడు మార్కులతో పాటు మూడు విషయాలు అడగండి. మా బాబు తరగతికి గత నెలలో ఎన్ని లైబ్రరీ పీరియడ్లు నిజంగా జరిగాయి? వాడు ఏం తీసుకుని చదివాడు? చివరి ప్రాజెక్టుకు సమాచారం ఎక్కడ నుంచి తెచ్చాడు? తల్లిదండ్రులు అడిగే విషయాలకు ఏ స్కూలైనా టైమ్‌టేబుల్‌లో చోటిస్తుంది.

మీ ఊళ్ళోని గ్రంథాలయానికి కూడా ఒక ఆదివారం తీసుకెళ్ళండి. వెళ్ళే ముందు పనివేళలు కనుక్కోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ వర్తిస్తూ వచ్చిన 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. ఇంటి పన్ను కడుతున్నారంటే ఆ పుస్తకాలకు మీరు ఇప్పటికే డబ్బు కట్టారు. సభ్యత్వం పిల్లల పేరు మీద తీసుకోండి. కార్డు మీద తన పేరు చూసుకున్న పిల్లలు పుస్తకాన్ని గడువులోగా తిరిగి ఇవ్వాలని వాళ్ళే గుర్తు చేస్తారు.

— స్కూల్ లైబ్రేరియన్