మంచు కొండకు కారు అక్కర్లేదు.. కనెక్షన్ కావాలి!

గత చలికాలంలో మా పిన్ని కొడుకు డెన్వర్ నుంచి మెసేజ్ పెట్టాడు. ఎమ్మెస్ మొదటి ఏడాది. ‘‘అన్నా, ఈ వీకెండ్ స్కీయింగ్‌కి వెళ్తున్నాం. నలుగురం కలిసి రెంటల్ కార్ తీసుకుంటున్నాం’’ అన్నాడు.

‘‘మంచులో ఎప్పుడైనా బండి నడిపావురా?’’ అని అడిగాను.

‘‘లేదన్నా. హన్మకొండలో వానలో నడిపా కదా!’’

నవ్వొచ్చింది, భయం కూడా వేసింది. లైసెన్స్ చేతికొచ్చి మూడు నెలలే. తెల్లవారుజామున బయల్దేరి, రోజంతా మంచులో పడి లేచి, అలసిపోయి చీకట్లో కొండ దిగి రావాలి. అమెరికా వెళ్లిన మన పిల్లల్లో చాలామందికి మొదటి ఘాట్ రోడ్డు అనుభవం, మొదటి మంచు రోడ్డు అనుభవం ఒకే రోజున ఎదురవుతాయి. అందుకే వాడి కోసం ‘కారు లేకుండా స్కీ రిసార్ట్‌కి ఎలా వెళ్లాలి?’ అని వెతకడం మొదలుపెట్టా. వెతికేకొద్దీ ఇది ఒక్క డెన్వర్ సంగతి కాదని అర్థమైంది. కశ్మీర్‌కి రైలు వచ్చిన ఈ రోజుల్లో మనకీ సంబంధం ఉన్న ప్రశ్నే ఇది.

అందరిదీ ఒకటే రోడ్డు

డెన్వర్ నుంచి కొలరాడోలోని పెద్ద రిసార్టులకు వెళ్లడానికి ఐ-70 హైవేనే ప్రధాన దారి. శని, ఆదివారాల్లో ఊరంతా ఒకేసారి ఎక్కుతుంది, ఒకేసారి దిగుతుంది. కొండల మధ్య రోడ్డు కాబట్టి వెడల్పు చేయడానికి చోటు తక్కువ. మంచు పడిందంటే బండ్లు జారతాయి. ఒక్క కారు అడ్డం తిరిగితే వెనక మైళ్ల కొద్దీ క్యూ. అందుకే ఆ హైవేలో డాట్సెరో, మోరిసన్ మధ్య సెప్టెంబర్ నుంచి మే నెలాఖరు దాకా తగిన టైర్లు లేదా చెయిన్లు బండిలో ఉండాలని చట్టమే ఉంది. రెంటల్ కారుకి అలాంటి టైర్లు ఉన్నాయో లేదో మనవాళ్లలో ఎంతమంది చూసుకుంటారు?

దీనికి అక్కడి ప్రభుత్వం రెండు దారులు వెతికింది. మొదటిది బస్సు. కొలరాడో రవాణా శాఖ ‘స్నోస్టాంగ్’ పేరుతో సీజన్‌లో వారాంతాల్లో డెన్వర్ నుంచి కొన్ని రిసార్టులకు బస్సులు నడుపుతోంది. రెండోది రైలు. డెన్వర్ యూనియన్ స్టేషన్‌లో ఎక్కితే వింటర్ పార్క్ రిసార్ట్ పక్కనే దింపుతుంది. ఈ స్కీ రైలు 1940లో మొదలై 2009లో ఆగిపోయింది. 2017లో ఆమ్‌ట్రాక్ సంస్థ ‘వింటర్ పార్క్ ఎక్స్‌ప్రెస్’గా మళ్లీ పట్టాలెక్కించింది. 2024-25 సీజన్‌లో రాష్ట్రం చేయూతనివ్వడంతో ఒకవైపు టికెట్ 19 డాలర్ల నుంచి దొరికింది.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, డబ్బు ఎక్కడిది అన్నది. కొలరాడో 2024లో ఒక చట్టం చేసింది. అద్దె కార్ల మీద రోజుకి గరిష్ఠంగా 3 డాలర్ల రుసుము వేసి, ఆ సొమ్ముని రైళ్లకు వాడుకునే వీలు కల్పించింది. రోడ్డు నింపేవాడి దగ్గర తీసుకుని రోడ్డు ఖాళీ చేసేదానికి పెట్టడమన్నమాట. రెండోది బేరం. వింటర్ పార్క్‌కి వెళ్లే రైలు మాఫట్ సొరంగం గుండా వెళ్లాలి. సుమారు 10 కిలోమీటర్ల పొడవైన ఈ సొరంగం 1928లో తెరుచుకుంది. పట్టాలు యూనియన్ పసిఫిక్ అనే సరకు రవాణా కంపెనీవి. సొరంగం మాత్రం ప్రభుత్వానిది. దాని 99 ఏళ్ల లీజు 2025 జనవరిలో ముగియబోతుండగా, ‘లీజు కొనసాగిస్తాం, మా ప్రయాణికుల రైళ్లకు దారివ్వండి’ అని రాష్ట్రం ఒప్పందం కుదుర్చుకుంది. కొత్తగా ఒక్క సొరంగమూ తవ్వలేదు. ఉన్న ఆస్తినే సరైన సమయంలో వాడుకుంది.

స్విస్ రహస్యం వేగంలో లేదు

ఈ విషయంలో అందరూ స్విట్జర్లాండ్ పేరే చెబుతారు. అక్కడ జెర్మాట్ అనే స్కీ పట్టణంలోకి పెట్రోల్, డీజిల్ కార్లను రానివ్వరు. కారులో వచ్చినవాళ్లు కిందనున్న టేష్ అనే ఊళ్లో బండి ఆపి, 12 నిమిషాలు రైల్లో వెళ్లాలి. మిగతావాళ్లు జూరిక్‌లో రైలెక్కి, విస్ప్‌లో మారి, మూడున్నర గంటల్లోపే జెర్మాట్ నడిబొడ్డున దిగుతారు.

‘వాళ్ల దగ్గర డబ్బుంది, రైళ్లున్నాయి’ అని మనం సరిపెట్టుకుంటాం. కానీ అసలు కిటుకు టైమ్‌టేబుల్‌లో ఉంది. 1982లో స్విట్జర్లాండ్ దేశమంతా ఒక పద్ధతి తెచ్చింది. ప్రతి గంటా అదే నిమిషానికి రైలు ఉంటుంది. 8:02కి ఉందంటే 9:02కి, 10:02కి కూడా ఉన్నట్టే. తర్వాత పెద్ద స్టేషన్లలో రైళ్లన్నీ గంట కొట్టే ముందు చేరేలా, గంట కొట్టాక బయల్దేరేలా అమర్చారు. ఆ మధ్య నిమిషాల్లో ఎటు నుంచి వచ్చినవాళ్లయినా ఎటు వెళ్లే రైలైనా మారొచ్చు. స్టేషన్ బయట పసుపు రంగు పోస్ట్‌బస్సు కూడా ఆ రైలు కోసమే కాచుకుని ఉంటుంది.

దీని కోసం జూరిక్, బెర్న్ మధ్య ప్రయాణాన్ని గంట లోపుకి తగ్గించారు. 2004 డిసెంబర్‌లో కొత్త లైను తెరిచి ఆ పని పూర్తి చేశారు. ఎందుకు గంట లోపు? కనెక్షన్ అందడానికి అంత చాలు కాబట్టి. అంతకంటే వేగం పెంచితే ఖర్చు పెరుగుతుందే తప్ప, ప్రయాణికుడు తర్వాతి రైలు కోసం ప్లాట్‌ఫామ్ మీద కూర్చోవాల్సిందే. మనం ముందు పట్టాలు వేసి తర్వాత టైమ్‌టేబుల్ రాస్తాం. వాళ్లు ముందు టైమ్‌టేబుల్ రాసి, దానికి ఏ పట్టా కావాలో అదే వేశారు.

జపాన్ ఇంకో అడుగు ముందుకేసింది. గాలా యుజావాలో బుల్లెట్ ట్రైన్ స్టేషన్, స్కీ సెంటర్ ఒకటే భవనం. టోక్యోలో ఎక్కితే సుమారు గంటా పావులో దిగి, టికెట్ గేటు దాటి, అక్కడే స్కీలు అద్దెకు తీసుకుని గొండోలా ఎక్కేయొచ్చు. 1990 డిసెంబర్‌లో తెరిచిన ఈ స్టేషన్ చలికాలంలోనే పనిచేస్తుంది.

ముందు బస్సా.. రోప్‌వేనా?

అన్ని చోట్లా ఇలా కుదరదు. యూటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ సిటీ పక్కనే లిటిల్ కాటన్‌వుడ్ అనే లోయ ఉంది. ఆల్టా, స్నోబర్డ్ రిసార్టులు అందులోనే ఉన్నాయి. ఒకటే రోడ్డు, పైనుంచి మంచు చరియలు పడే ముప్పు. చరియల భయంతో రోడ్డు మూసిన రోజున వందల కార్లు ఆగిపోతాయి. 2023 జులైలో అక్కడి రవాణా శాఖ దాదాపు 8 మైళ్ల గొండోలా కట్టాలని నిర్ణయించింది. అంచనా 50 కోట్ల డాలర్ల పైమాటే. ‘ప్రజల డబ్బుతో రెండు ప్రైవేటు రిసార్టులకు దారేమిటి? ముందు బస్సులు పెంచండి’ అంటూ స్థానికులు, పర్యావరణవాదులు అడ్డం తిరిగారు. వ్యవహారం కోర్టుకెక్కింది. నిజానికి ఆ ప్రణాళికలోనూ మొదటి దశ బస్సులు పెంచడం, రోడ్డుకి టోల్ పెట్టడమే.

అయితే బస్సు వాదనకీ ఒక బలహీనత ఉంది. 2022-23 సీజన్‌లో డ్రైవర్లు దొరక్క అదే లోయలో స్కీ బస్సులు తగ్గించాల్సి వచ్చింది. బస్సు కొనడం తేలికే. నాలుగు నెలల సీజన్ ఉద్యోగానికి, మంచు రోడ్డు మీద నడపగల డ్రైవర్‌ని పట్టుకోవడమే కష్టం. కాబట్టి ‘బస్సు చవక, రోప్‌వే దండగ’ అని ఒక్క మాటలో తేల్చేయలేం. కానీ వరస మాత్రం ముఖ్యం. ముందు ఉన్న రోడ్డు మీద బస్సుకి ప్రాధాన్యమిచ్చి చూడాలి. అదీ చాలకపోతే కాంక్రీటు.

తిరుమల మనకు నేర్పిందే

ఇదంతా మనకు కొత్తగా అనిపిస్తోందా? ఒక్కసారి తిరుమల ప్రయాణం గుర్తు తెచ్చుకోండి. తిరుపతిలో రైలు దిగుతాం. కొండ మీదకి ఆర్టీసీ బస్సు కోసం పెద్దగా ఎదురుచూడం. ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు. అలిపిరి నుంచి నడిచేవాళ్ల సంచులను టీటీడీయే పైకి చేరవేస్తుంది. పైన ఉచిత బస్సులు తిరుగుతుంటాయి. కారు లేదని తిరుమల వెళ్లలేకపోయినవాళ్లు మీకు తెలిసి ఎవరైనా ఉన్నారా?

స్టేషన్ నుంచి కొండ పైదాకా వరసగా బస్సు, సామాను చేరవేత, పైన తిరగడానికి వాహనం. స్కీ రిసార్టుకి కావాల్సినవీ ఈ మూడే. మనకు చేతకాక కాదు. ఒకచోట ఎప్పుడో చేసి చూపించాం. మిగతా కొండల దగ్గరికి తీసుకెళ్లలేదంతే. అరకుకి రైలుంది. అదే మన్యంలో లంబసింగి మంచు చూడాలంటే తెల్లారేసరికి అక్కడుండాలి, అందుకు సొంత బండో, అద్దె జీపో తప్పదు.

గుల్మార్గ్: మిగిలిన 50 కిలోమీటర్లు

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 2025 జూన్ 6న కాట్రా-శ్రీనగర్ మధ్య వందే భారత్ మొదలైంది. 272 కిలోమీటర్ల ఉధంపూర్-శ్రీనగర్-బారాముల్లా ప్రాజెక్టు దాంతో పూర్తయింది. నదికి 359 మీటర్ల ఎత్తున చీనాబ్ వంతెన. కాట్రా నుంచి శ్రీనగర్‌కి సుమారు 3 గంటలు. విజయవాడ, వరంగల్ మీదుగా కాట్రా వెళ్లే హిమసాగర్, అండమాన్ ఎక్స్‌ప్రెస్‌లు మనకు ముందు నుంచే ఉన్నాయి. అంటే వరంగల్‌లో రైలెక్కిన కుర్రాడు ఒక్కచోట మారి శ్రీనగర్‌లో దిగొచ్చు. మా నాన్నగారి తరానికి ఇది ఊహకందని మాట.

శ్రీనగర్‌లో దిగాక? గుల్మార్గ్ అక్కడికి 50 కిలోమీటర్లు. షేర్డ్ సుమోలో టంగ్‌మార్గ్ దాకా వెళ్లాలి. అక్కడి నుంచి చివరి 13 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. మంచు పడిన రోజున చెయిన్లు కట్టిన బండ్లు, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లే పైకి వెళ్తాయి. ఒక్కడివే వెళ్తే మొత్తం ట్యాక్సీ అద్దె నీ జేబు మీదే. వేల కోట్లతో కొండలు తొలిచి తెచ్చిన రైలు, సామాన్యుడిని చివరికి ట్యాక్సీ స్టాండ్ దగ్గర బేరానికి నిలబెడుతోంది.

దీనికి మరో వంతెన అక్కర్లేదు. రైలు వేళకి స్టేషన్ ముందు బస్సు, రైలు ఆలస్యమైతే ఆగే బస్సు, టంగ్‌మార్గ్‌లో పెద్ద పార్కింగ్, అక్కడి నుంచి చెయిన్లు కట్టిన షటిళ్లు, వీటన్నిటికీ కలిపి ఒకే టికెట్ చాలు. ట్యాక్సీవాళ్ల పొట్ట కొట్టాల్సిన పని కూడా లేదు. మంచు రోడ్డు మీద నడపడం వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ షటిళ్లను వాళ్ల సంఘాలకే సీటు లెక్కన కాంట్రాక్టు ఇవ్వొచ్చు. యూటాలో దొరకని డ్రైవర్లు ఇక్కడ ముందే ఉన్నారు!

ఎవరికోసం ఇదంతా అంటారా? గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. కోర్సులు నడుపుతుంది. ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ 2020 నుంచి అక్కడ జరుగుతున్నాయి. దారి ఖర్చే కోర్సు ఫీజుని మించిపోతే మంచు ఆటలు డబ్బున్నవాళ్ల ఆటలుగానే మిగులుతాయి. హోటళ్లలో, లిఫ్టుల దగ్గర పనిచేసే స్థానిక యువతకూ ఆ బస్సే రోజూ ఉద్యోగానికి తీసుకెళ్తుంది.

మన ఇంజినీర్లకు పనేముంది?

చాలా ఉంది. 2005లో పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ, గూగుల్ కలిసి టైమ్‌టేబుళ్లను ఒకే తీరులో రాసే పద్ధతి తయారుచేశాయి. అదే జీటీఎఫ్ఎస్. స్టాపులు, రూట్లు, ట్రిప్పులు, వేళలు.. అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే. మీ ఫోన్ మ్యాప్‌లో బస్సు వేళలు కనిపిస్తున్నాయంటే వెనక చాలావరకు ఇదే ఉంటుంది. ఈ ఫైల్ లేని బస్సు రోడ్డు మీద ఉన్నా, కొత్తగా వచ్చినవాడికి లేనట్టే.

ఫైనలియర్ ప్రాజెక్టుకి మళ్లీ అటెండెన్స్ యాప్ చేయబోతున్నారా? బదులుగా ఇది ప్రయత్నించండి. స్విట్జర్లాండ్, ఢిల్లీల రవాణా డేటా ఉచితంగా దొరుకుతుంది. దాన్ని తీసుకుని ‘ఒక స్టేషన్ నుంచి రెండు గంటల్లో ఎంత దూరం వెళ్లగలం?’ అన్న మ్యాప్ గీయండి. రూటింగ్ కోసం రాప్టర్ అల్గారిథమ్ చదవండి. తర్వాత మీ ఊరి బస్టాండ్ బోర్డు మీది వేళలను అదే పద్ధతిలో రాసి, రైలుకీ బస్సుకీ మధ్య ఎక్కడ తెగిపోతోందో చూపించండి. పైథాన్, కొంచెం మ్యాప్ పని, బోలెడు ఓపిక చాలు. సివిల్ వాళ్లకు, కంప్యూటర్స్ వాళ్లకు ఇద్దరికీ ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ పని ఇది.

ఇక మంచు కొండకు బయల్దేరేవాళ్లకు నాలుగు మాటలు. వెళ్లే బండి కంటే ముందు తిరిగొచ్చే చివరి బండి వేళ చూడండి. స్టేషన్ నుంచి లిఫ్టుకి ఎంత దూరమో చూడండి, స్కీ బూట్లతో కిలోమీటరు నడవడం నరకం. గేర్ పైనే అద్దెకు తీసుకుంటే చేతులు ఖాళీగా వెళ్లొచ్చు. రోడ్డు మూసేస్తే ఎక్కడ ఉండాలో ముందే అనుకోండి.

మా తమ్ముడి సంగతా? కారు బుకింగ్ క్యాన్సిల్ చేసి నలుగురూ రైలెక్కారు. సాయంత్రం తిరుగు రైల్లోంచి ఫొటో పంపాడు. ముగ్గురు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. కింద ఒక లైను: ‘‘అన్నా, మాలో ఒకడు ఇప్పుడు డ్రైవింగ్ సీట్లో ఉండాల్సింది.’’ ఆ ఫొటోని పిన్నికి పంపాను. ఆ రాత్రి ఆవిడ కూడా హాయిగా నిద్రపోయింది.